వరద రాకముందే కట్టవలసిన మూట

రైతు కుటుంబమునకు ఆపత్సమయమున కావలసిన వస్తువులను గూర్చి

రైతు సోదరులకు విజ్ఞప్తి.

వాన రాకడ, ప్రాణము పోకడ యెవరికిని తెలియవని పెద్దలు చెప్పుదురు. నేటి దినములలో వాన రాకడ కొంతవఱకు ముందుగానే తెలియుచున్నది. వాతావరణ శాఖవారు భారీ వర్షములను గూర్చి ముందుగా హెచ్చరికలు ప్రకటించుచున్నారు. పెద్ద నదులలోని నీటిమట్టము వరద దినములయందు గంటగంటకు కొలువబడుచున్నది. అయినను వరదలలో ప్రాణనష్టము కలుగుచునే యున్నది. హెచ్చరిక అందకపోవుట యొక్కటియే ఇందుకు కారణము కాదు. హెచ్చరిక అందిన పిమ్మట ఇల్లు విడుచుటకు జాప్యము చేయుటయు, ఒకసారి బయటపడిన మనిషి మఱచిన వస్తువు కొఱకు మరల నీటిలోనికి పోవుటయు తక్కిన కారణములలో ముఖ్యమైనవి.

రైతు ఊరక జాప్యము చేయడు. పాసుపుస్తకము పెట్టె యడుగున నుండును. ఎద్దులు కొట్టములో కట్టివేయబడి యుండును. విత్తనపు బస్తా నేలమీద నుండును. తల్లిగారి మందులు ఏ గూటిలో నున్నవో ఆమెకు తప్ప వేఱొకరికి తెలియదు. దీపము లేని రాత్రియందు ఇవన్నియు వెదకి తీయునప్పటికి వాకిట మోకాలిలోతు నీరు చేరును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యనగా నిదియే.

కావున ఈ పత్రమునందు చెప్పబోవు మూట కేవలము మూడు దినముల తిండి కొఱకు ఉద్దేశింపబడినది కాదు. ఒకసారి గడప దాటిన మనిషికి మరల వెనుకకు పోవలసిన పని లేకుండ చేయుటయే దాని ముఖ్య ప్రయోజనము. ఈ సంగతిని మనస్సునం దుంచుకొనినచో మూటలో ఏది యుండవలెనో, ఏది యుండనక్కఱలేదో రైతే నిర్ణయించుకొనగలడు.

1. పూర్వానుభవము

1908 సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని చూపబడుచున్నది. ఆ వరద తరువాత 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును నిర్మింపబడినవి. జలాశయములు కట్టుట ప్రభుత్వము చేయవలసిన పని. మూట కట్టుట గృహస్థుడు చేయవలసిన పని. ఒకటి యున్నదని రెండవదానిని విడువరాదు.

గోదావరి 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద 75.6 అడుగుల మట్టమును చేరెను. 2022 జూలైలో మరల 71.3 అడుగుల వఱకు పెరిగెను. 2009 అక్టోబరు మొదట కృష్ణా, తుంగభద్రలు పొంగి కర్నూలు పట్టణమును, మహబూబ్‌నగర్ జిల్లాలోని నదీతీర గ్రామములను ముంచినవి. వానకాలము ముగియవచ్చినదని రైతులు తలంచుచున్న సమయమున ఆ వరద వచ్చెను. కావున ఆశ్లేష, మఖ కార్తెలు దాటినవని నిశ్చింతగా నుండరాదు.

2. పెద్ద నది వేఱు, వాగు వేఱు

పెద్ద నది సామాన్యముగా వ్యవధి నిచ్చును. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింపబడును. ఎగువ ప్రాంతములలో కురిసిన వాన దిగువకు చేరుటకు కొంత కాలము పట్టును. తన యిల్లు, తన పొలము, ఊరి రహదారి ఎన్ని యడుగుల మట్టమునకు మునుగునో తీరగ్రామములలోని ప్రతి రైతును గత వరదలనుబట్టి తెలిసికొని గోడపై గుర్తు వేసి యుంచవలెను. ఇల్లు మునుగకపోయినను ఊరి దారి ముందుగా మునుగవచ్చును. దారి మునుగుటకు ముందే బయలుదేరవలెను గాని ఇల్లు మునుగువఱకు వేచియుండరాదు.

వాగు అటువంటి వ్యవధి నీయదు. 2023 జూలై 27వ తేదీన జయశంకర్ భూపాలపల్లి జిల్లాయందలి మోరంచపల్లి గ్రామమును మోరంచవాగు తెల్లవారుజామున ముంచెత్తెను. గ్రామస్థులు ఇండ్ల కప్పుల పైకెక్కి సహాయమునకై వేచియుండవలసి వచ్చెను. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము పట్టణములోని నదీతీరపు వాడలను ముంచెను. వాగు సమీపమున గాని, చెఱువు కట్ట క్రింద గాని నివసించు రైతునకు మూట కట్టుకొనుటకు ఆ రాత్రి గంటసేపు కూడ దొరకకపోవచ్చును. అట్టివారి మూట వానకాలమంతయు కట్టబడియే యుండవలెను.

3. త్రాగునీరు

వరదలో నలుదిక్కుల నీరే యుండును. త్రాగుటకు మాత్రము చుక్క యుండదు. బావులు, బోరులు మురుగునీటితో కలిసిపోవును.

మనిషి యొకనికి దినమునకు త్రాగుటకు సుమారు 3 లీటర్ల నీరు కావలెను. ఐదుగురు గల కుటుంబమునకు మూడు దినములకు 45 లీటర్లు కావలెను. లీటరు నీరు కిలో బరువు గనుక ఇది 45 కిలోల బరువగును. దీనిని మోసికొని కాలినడకన పోవుట సాధ్యము కాదు. కావున మనిషికి 2 లీటర్ల చొప్పున నింపిన సీసాలను మాత్రము మూటలో నుంచి, మిగిలిన నీటిని చేరిన చోటనే శుద్ధి చేసికొనుటకు కావలసిన సాధనములను వెంట తీసికొనిపోవలెను.

శుద్ధి చేయు విధము: బురదనీటిని ముందుగా కదల్పక నిలువయుంచి, మడ్డి దిగిన పిమ్మట పైతేట నీటిని నాలుగు మడతలు వేసిన శుభ్రమైన నూలుబట్టతో వడకట్టవలెను. నిప్పు దొరకినచో ఆ నీటిని తెర్లనిచ్చి, తెర్లుచుండగా ఒక నిమిషము ఉంచి దింపవలెను. నిప్పు దొరకనిచో క్లోరిన్ బిళ్లలను, పొట్లముపై వ్రాసిన కొలత చొప్పున వేసి అరగంట ఆగి త్రాగవలెను. అరగంట తరువాత నీటికి కొంచెము క్లోరిన్ వాసన యుండుట మంచి గుర్తు. వాసన బొత్తిగా లేకున్నచో మందు చాలలేదని గ్రహించవలెను. ఈ బిళ్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను, మందుల దుకాణములలోను దొరకును.

ముఖ్య హెచ్చరిక: పురుగుమందులు, కలుపుమందులు వచ్చిన డబ్బాలలో ఎన్నిసార్లు కడిగినను త్రాగునీరు నింపరాదు. మందు ప్లాస్టిక్కులో ఇంకి యుండును. కడిగిన మాత్రమున పోదు. ఆపద సమయమున చేతికి దొరికిన డబ్బాను పట్టుకొనుట సహజము గనుక అట్టి ఖాళీ డబ్బాలను ఇంటియందే యుంచరాదు.

4. ఆహారము

వండనక్కఱలేని పదార్థములే మూటలో నుండవలెను. ఇందుకు అటుకులు, బెల్లము, వేయించిన వేరుశనగపప్పు మిక్కిలి తగినవి. 300 గ్రాముల అటుకులు, 100 గ్రాముల బెల్లము, 100 గ్రాముల వేరుశనగపప్పు కలిపినచో సుమారు 2,000 కెలోరీల శక్తి లభించును. ఇది పెద్దమనిషికి ఒక దినమునకు సరిపోవు ఆహారము. ఈ లెక్కన ఐదుగురికి మూడు దినములకు అటుకులు నాలుగున్నర కిలోలు, బెల్లము ఒకటిన్నర కిలో, వేరుశనగలు ఒకటిన్నర కిలో, మొత్తము ఏడున్నర కిలోలు చాలును. వీనితో పాటు కొంచెము ఉప్పు, పంచదార, పండ్లు లేని వృద్ధులకు మెత్తని పేలపిండి, చంటిబిడ్డలకు అలవాటైన ఆహారము ఉంచవలెను. పాలు త్రాగు బిడ్డకు తల్లిపాలు మాన్పరాదు. వరదనీటి నడుమ సీసాపాలు పట్టుట ప్రమాదకరము.

వేరుశనగలకు తేమ తగిలి బూజు పట్టినచో వానిలో విషము పుట్టును. కావున ఈ పదార్థములను మూత బిగువుగా నుండు డబ్బాలలో పోసి, రెండు నెలల కొకసారి ఇంటి వాడుకకు తీసికొని, క్రొత్తవి నింపవలెను. ఇట్లు చేసినచో ఏమియు వ్యర్థము కాదు.

5. కాగితములు, ధనము

అన్నము పోయినచో మరల దొరకును. కాగితము పోయినచో రైతు కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. నష్టపరిహారము, పంట బీమా, క్రొత్త అప్పు మొదలగువానికి ఆ కాగితములే ఆధారము. ఈ క్రిందివానిని మందమైన ప్లాస్టిక్కు సంచిలో నుంచి, మూతి మడిచి కట్టి, దానిని మఱియొక సంచిలో పెట్టవలెను.

పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు, ఆధార్, రేషను కార్డులు, బ్యాంకు పుస్తకములు, పంట అప్పు, బీమా రసీదులు, విత్తనములు, ఎఱువులు కొనిన రసీదులు, వైద్యుని చీటీలు. కౌలుకు చేయించు భూమి యున్నచో కౌలు ఒప్పందపు నకలును కూడ ఉంచవలెను. నష్టము ఎవరి పంటకు కలిగినదో నిర్ణయించుటకు అది యుపయోగపడును.

వీని నకళ్లను ఒక జత మెరక ప్రదేశములోని బంధువుల యింట ఉంచవలెను. సెల్‌ఫోనులో ఛాయాచిత్రములు కూడ తీసి యుంచుట మేలు. వానకాలము ప్రారంభమునందు ఇల్లు, కొట్టము, మోటారు, పశువులు, పంట చేను ఛాయాచిత్రములు తీసినచో నష్టము జరిగిన తరువాత పూర్వస్థితిని చూపుట సులభమగును. చిన్న నోటుపుస్తకములో భూముల సర్వే నంబర్లు, పశువుల చెవిపోగులపై నుండు 12 అంకెల సంఖ్యలు, కావలసినవారి ఫోను నంబర్లు వ్రాసి యుంచవలెను. ఫోను ఆరిపోయినప్పుడు అందులోని నంబర్లన్నియు దానితోనే పోవును.

విద్యుత్తు లేనిచోట ఫోను ద్వారా చెల్లింపులు సాగవు గనుక కొంత నగదును చిన్ననోట్ల రూపమున ఉంచవలెను.

6. మందులు

రక్తపోటు, మధుమేహము, ఉబ్బసము, మూర్ఛ మొదలగు వ్యాధులకు నిత్యము వాడు మందులు కనీసము ఏడు దినములకు సరిపడునట్లుండవలెను. జ్వరమునకు పారాసిటమాల్ బిళ్లలు, గాయములకు శుభ్రమైన దూది, కట్టుగుడ్డ, పూతమందు, సబ్బు, స్త్రీలకు అవసరమైన గుడ్డలు, దోమతెర చేర్చవలెను.

వరద తరువాత విరేచనములు ప్రబలును. ఓ.ఆర్.ఎస్. పొట్లములు పది యుంచవలెను. పొట్లముపై వ్రాసిన కొలత నీటిలోనే దానిని కలుపవలెను. పెద్ద పొట్లమైనచో లీటరు నీరు పట్టును. పొట్లములు లేనిచో లీటరు శుద్ధజలములో ఆరు చిన్నచెంచాల పంచదారయు, అర చిన్నచెంచా ఉప్పును తలకొట్టి కొలిచి కలిపి త్రాగించవలెను. ఉప్పు హెచ్చినచో బిడ్డకు హాని కలుగును. కొలత తప్పరాదు.

నీరు చేరగానే పాములు పుట్టలు విడిచి గడ్డివాములు, దిబ్బలు, అటకలు చేరును. మనుష్యులు చేరునదియు అచ్చటికే. పాము కఱచినప్పుడు బిగించి కట్టుట, కోయుట, నోటితో పీల్చుట కూడదు. కఱచిన అవయవమును కదల్పక, రోగికి ధైర్యము చెప్పి, విషమునకు విఱుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. మంత్రము కొఱకు గడపిన కాలము ప్రాణము తీయును.

7. వెలుతురు, త్రాడు మొదలైనవి

టార్చిలైటు, దానికి వేఱుగా ఒక జత బ్యాటరీలు, ఫోనుకు విద్యుత్తు నెక్కించు పవర్ బ్యాంకు, బిగువు డబ్బాలో అగ్గిపెట్టె, కత్తి, ఈల, 15 మీటర్ల గట్టి నైలాను త్రాడు, నలుగురు తలదాచుకొనుటకు చాలు టార్పాలిన్ పట్టా, ఒక్కొక్కరికి ఒక దుప్పటి, నీరు కాచుకొనుటకు ఒక గిన్నె. ఈల చిన్న వస్తువే యైనను కప్పుపై చిక్కుకొనినవారికి మిక్కిలి ఉపయోగము. కేకలు వేసినచో గొంతు పోవును. ఈల శబ్దము దూరము వినబడును, అలసట యుండదు.

8. పశువులు

రైతు ఇల్లు విడువకపోవుటకు పశువులే ముఖ్యకారణము. వానిని విడిచి పొమ్మని చెప్పుట సులభము. విడుచుట సులభము కాదు. కావున వాని విషయమున ముందుగా చేయవలసినది చాల గలదు.

మొదటి హెచ్చరిక వినగానే, మనుష్యులు కదలుటకు ముందే, పశువులను మెరక ప్రదేశమునకు తోలవలెను. ఆ స్థలమును వేసవిలోనే ఊరివారందఱు కలిసి నిర్ణయించుకొని, అచ్చట కొంత ఎండుగడ్డిని కప్పి యుంచవలెను. వానకాలమునందు పశువులను ఒక్క లాగుతో విడిపోవు జారుముడి వేసి కట్టవలెను. గొలుసుతో కట్టరాదు. నీటిలో నానిన పీటముడి విప్పుట ఎంత కష్టమో ప్రతి రైతునకును తెలియును. కొట్టపు స్తంభమునకు ఒక కొడవలిని అందఱికి తెలిసిన చోట తగిలించి యుంచవలెను.

తోలుకొనిపోవుటకు వ్యవధి లేనిచో పలుపులు విప్పి, లేక కోసి, కొట్టపు తలుపు తెఱచి విడిచిపెట్టవలెను. విడిచిన పశువు ఈది మెరకకు చేరుటకు అవకాశము కలదు. కట్టుగొయ్యకు కట్టిన పశువునకు ఏ యవకాశమును లేదు. తప్పిపోయిన పశువును చెవిపోగు సంఖ్యను బట్టి గుర్తింపవచ్చును. గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు టీకాలను తొలకరికి ముందే వేయించవలెను. వరద తరువాత ఈ వ్యాధుల భయము హెచ్చు.

9. విత్తనములు, మందులు, మోటారు

విత్తనపు బస్తా మూటలో పట్టదు. దానిని మోయబూనుట వలననే కాలము గడచిపోవును. కావున మునిగిన పైరును తిరిగి వేయుటకు కావలసిన విత్తనమును బాగుగ ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలలో నింపి, ఋతువు ప్రారంభముననే అటకపైన గాని, మెరకన నున్న వారి యింట గాని ఉంచవలెను. కూరగాయల విత్తనములు కొలదిగా మూటలోనే యుంచవచ్చును. అవి తేలిక, వరద తీసిన పెరటిలో త్వరలో ఫలితమిచ్చును.

పురుగుమందులను, ఎఱువులను తిండిగింజలకు దూరముగా, ఎత్తైన స్థలమున ఉంచవలెను. నేలపై నున్న మందుసీసాలు నీటిలో తేలి పగిలినచో ఊరి బావులు చెడిపోవును.

ఇల్లు విడుచునప్పుడు విద్యుత్తు మెయిన్ స్విచ్చిని, వంటగ్యాసు రెగ్యులేటరును కట్టివేయవలెను. పొలములోని మోటారు స్టార్టరును ఆపుటకు నీటిలో దిగి పోరాదు. వరదనీటిలో తెగిపడిన తీగలు కంటికి కనబడవు. విద్యుచ్ఛక్తి సంస్థవారికి తెలియజేసి లైనును ఆపించవలెను.

10. మూట బరువు, స్థలము, పరీక్ష

పైన చెప్పిన తిండి ఏడున్నర కిలోలు, నీరు 10 కిలోలు, తక్కిన వస్తువులు సుమారు ఏడు కిలోలు, వెరసి 25 కిలోలకు లోపుగా నుండును. దీనిని మూడు మూటలుగా విభజించవలెను. ఏ మూటయు 10 కిలోలకు మించరాదు. కాగితముల సంచిని ఇంటి యజమానుడు గాని, యజమానురాలు గాని ఒంటికి కట్టుకొనవలెను. ఇతర మూటలలో కలుపరాదు. బిడ్డలను ఎత్తుకొనువారికి మూట అప్పగించరాదు.

మూటలను వీపున తగిలించుకొను సంచులలో సర్దినచో రెండు చేతులును కఱ్ఱకు, త్రాటికి, బిడ్డకు ఖాళీగా నుండును. వానిని బయటి తలుపు సమీపమున, మనిషి యెత్తున కొక్కెమునకు వ్రేలాడదీయవలెను. అటకపై దాచినచో దింపుటకు కాలము పట్టును. మంచము క్రింద నుంచినచో మొదట అవియే తడియును.

సంవత్సరమునకు రెండుసార్లు మూటను విప్పి చూడవలెను. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, తుపానుల కాలమగు చిత్త కార్తెకు ముందు మఱియొకసారి. బ్యాటరీలు వెలుగుచున్నవా, మందుల గడువు మిగిలియున్నదా, అటుకులకు పురుగు పట్టినదా యని చూచి, నీటిని మార్చవలెను. ఆ దినమున ఒక సాయంకాలము దీపములన్నియు ఆర్పి, ఇంటిల్లిపాది మూటలతో మెరకకు నడచి చూడవలెను. ఎవరు ముసలమ్మను పట్టుకొందురు, ఎవరు పలుపులు విప్పుదురు, ఎవరు స్విచ్చిని ఆపుదురు అను నిర్ణయము ఆ నడకలోనే యేర్పడును. పిల్లలు దీనిని ఆటగా భావించినను మంచిదే, మఱువరు.

11. బయలుదేరు వేళ

అధికారులు పొమ్మనినప్పుడు పగటివేళనే పోవలెను. ప్రవహించు నీటిని తక్కువగా అంచనా వేయరాదు. అరయడుగు లోతున వేగముగా పాఱు నీరు మనిషిని పడద్రోయగలదు. ఒక యడుగు నీరు చిన్న కారును తేల్చగలదు. రెండడుగుల నీరు చాలవఱకు వాహనములను కొట్టుకొనిపోవును. ట్రాక్టరు బరువైనది గదా యని చప్టాలను దాటబూనరాదు. నీటి క్రింద చప్టా తెగియున్నదో లేదో పైకి కనబడదు.

సహాయము కొఱకు: అన్ని అత్యవసరములకు 112, అంబులెన్సునకు 108, జిల్లా విపత్తు నియంత్రణ కేంద్రమునకు 1077, పశువైద్య సంచార వాహనమునకు 1962. ఈ సంఖ్యలను నోటుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనవలెను.

12. తిరిగి వచ్చిన పిమ్మట

నీరు తీసిన యింటిలోనికి పగటివేళ, కఱ్ఱ చేతబట్టి, కాళ్లకు జోళ్లతో ప్రవేశించవలెను. తడిసిన స్విచ్చులను తాకరాదు. మునిగిన మోటారును విప్పి ఆరబెట్టి పనివాని చేత పరీక్ష చేయించక నడపరాదు. బావిని తోడించి, క్లోరిన్ వేయించిన తరువాతనే ఆ నీరు త్రాగవలెను. బురదలో పనిచేసినవారికి జ్వరము, కండరముల నొప్పి, కన్నులు ఎఱ్ఱబారుట కనబడినచో ఎలుకజ్వరమేమో యని వైద్యునికి చూపవలెను. కాలిగాయములతో నిలువనీటిలో దిగరాదు.

పంట నష్టమును వ్యవసాయాధికారికి వెంటనే తెలుపవలెను. ఫసల్ బీమా పథకము అమలులోనున్న చోట, బీమా చేసిన పంటకు స్థానిక విపత్తు వలన కలిగిన నష్టమును 72 గంటలలోపల తెలియజేయవలెనని నియమము. చనిపోయిన పశువును పూడ్చుటకు ముందు చెవిపోగుతో సహా ఛాయాచిత్రము తీసి, పశువైద్యుని ధ్రువపత్రము పొందవలెను. కాగితముల సంచి చేతనున్న రైతు ఈ పనులన్నియు మొదటి దినమే చేయగలడు.

13. సంగ్రహము

(1) నీరు: మనిషికి 2 లీటర్లు, క్లోరిన్ బిళ్లలు, వడకట్టు బట్ట, గిన్నె.
(2) తిండి: ఐదుగురికి అటుకులు నాలుగున్నర కిలోలు, బెల్లము, వేరుశనగలు ఒకటిన్నర కిలో చొప్పున, ఉప్పు, పంచదార.
(3) కాగితములు, నోటుపుస్తకము, చిన్ననోట్లు: రెండు సంచుల నడుమ.
(4) మందులు: ఏడు దినములకు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు పది, కట్టుగుడ్డలు, సబ్బు.
(5) టార్చిలైటు, బ్యాటరీలు, పవర్ బ్యాంకు, అగ్గిపెట్టె, కత్తి, ఈల, త్రాడు.
(6) టార్పాలిన్ పట్టా, దుప్పట్లు, దోమతెర.
(7) కొట్టములో: జారుముడి, కొడవలి. మెరకపై: ఎండుగడ్డి, విత్తనము.

ఈ వస్తువులలో చాలభాగము ప్రతి రైతు ఇంటను ఇప్పటికే యున్నవి. అవి వేర్వేఱు గూండ్లలో నున్నవి. వానిని ఒకచోట చేర్చుటకు ఒక పూట చాలును. పోయిన పైరును మఱుసటి కారున వేసికొనవచ్చును. కూలిన గోడను తిరిగి కట్టుకొనవచ్చును. మఱచిన పెట్టె కొఱకు నీటిలోనికి వెనుకకు పోయిన మనిషి తిరిగి వచ్చునను నమ్మకము లేదు. కావున రైతు సోదరులు ఈ రోహిణి కార్తెలోనే, దుక్కి పనులు ఆరంభించుటకు ముందు, మూటను కట్టి తలుపు ప్రక్కన తగిలించి, ఇంటిల్లిపాదికి చూపి యుంచవలెనని కోరుచున్నాము.